కీర్తనల పలక మీద నంబరు

ఉనైసి నోరు మూసుకుని కూర్చోవడం సింగతోక బజారు ఎన్నడూ ఎరగదు. ఆ సోమవారం ఆ వింత కూడా చూసింది.

పోలింగుకి రెండు రోజుల ముందునుంచి ప్రచారం బంద్. పోస్టరు కనపడితే నేరం, చొక్కా మీద నంబరు కనపడితే నేరం, బస్సులో పక్కవాడి చెవిలో ఫలానావారికి వెయ్యమని ఊదినా నేరమే. మిగతా పార్టీలవాళ్ళు తమ పోస్టర్లు పీక్కుపోయారు, వాళ్ళ పని అయిపోయింది. ఉనైసికి పోస్టర్లు వేయించే తాహతు ఎక్కడిది? ఆమె పోస్టర్లు గుమ్మడికాయలు. ఎన్నికల ఆఫీసులో చీటీ తీసి ఆమెకి 247 ఇచ్చిన రోజునే ఇంటికొచ్చి, పాదు మీదున్న పిందెలన్నిటి మీదా మేకుతో ఆ నంబరు గీసేసింది. పిందెతోపాటు నంబరూ లావెక్కింది. నెలన్నర తిరిగేసరికి ముప్పై గుమ్మడికాయలు ఒంటి మీద తెల్లటి మచ్చలతో ఆమె బల్ల మీద కూర్చుని ఓట్లడిగాయి.

ఇప్పుడు ఆ ముప్పై కాయలూ నేరస్తులే. ఉనైసీ, పక్క బల్ల ఫూల్‌మతీ పొద్దున్నుంచీ కత్తులు పుచ్చుకుని వాటి మొహాలు చెక్కుతున్నారు.

"అక్కా, చేతులు పడిపోతున్నాయి. ముక్కలు కోసి అమ్మేద్దాం," అంది ఫూల్‌మతి. "ముక్కకొక్క అంకె వచ్చేట్టు కోస్తే ఏ చట్టమూ పట్టుకోలేదు."

"ఎవడైనా వరసగా మూడు ముక్కలూ కొనుక్కుపోతే?"

"వాణ్ణి పట్టుకుంటారు. మనల్ని కాదు."

ఉనైసి నవ్వు ఆపుకుంది. నవ్వినా ప్రచారమే అంటారేమోనని అనుమానం.

ఫిజీలో ఓటు చీటీ మీద పేర్లుండవు, గుర్తులుండవు, మొహాలుండవు. ఎక్కాల పుస్తకంలా చీటీ నిండా నంబర్లే. నీకు కావలసిన మనిషి నంబరు వెతుక్కుని దాని చుట్టూ సున్నా చుట్టాలి. దీవులన్నీ కలిపి ఒకటే నియోజకవర్గం. పార్టీలో ఎవరి నంబరుకి వేసినా ఆ ఓటు ముందు పార్టీ బుట్టలో పడుతుంది. బుట్ట బరువుని బట్టి సీట్లు, ఆ పార్టీలో ఎవరికి ఎక్కువ పడితే వాళ్ళకి ఆ సీట్లు. కాని నూటికి అయిదు ఓట్లు పడితేనే బుట్ట పార్లమెంటు గడప దాటుతుంది. ఒక్క ఓటు తగ్గిందా, బుట్టతో సహా సముద్రంలోకే. ఆ గడప కట్టిందెవరు? ఇదివరకే లోపల కూర్చున్నవాళ్ళు. పొడుగు కాళ్ళవాళ్ళు గడపలు ఎత్తుగానే కడతారు మరి.

ఉనైసి పార్టీకి కాగితం మీద పేరు కష్టజీవుల కూటమి. జనం నోట్లో బుట్ట పార్టీ. బజారు ఆడవాళ్ళు, చెరుకు కొట్టేవాళ్ళు, ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, అంతే పార్టీ. ఆమెకి కావలసింది ఒక్కటే. కొండల్లోంచి కూరలు మోసుకొచ్చే ఆడవాళ్ళు వారం వారం బజారు సిమెంటు మీద, గోనెసంచుల మధ్య పడుకుంటారు. ప్రతి బజారులోనూ వాళ్ళకి గడియపడే తలుపున్న గది, నీళ్ళొచ్చే కుళాయి ఉండి తీరాలని చట్టం రావాలి. పద్దెనిమిదేళ్ళు ఆ సిమెంటు మీద వాల్చిన నడుం ఆమెది. అర్జీలు పెట్టింది, బతిమాలింది, తిట్టింది. అడుక్కుంటే రాదని తెలిశాకే నిలబడింది.

ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగినప్పుడు కూడా తన సంగతి తక్కువే చెప్పింది. "నేను మీ పిల్లనే, ఎక్కడికి పోతాను? ఈ ఫూల్‌మతిని చూడండి, 261. నేను అరిస్తే ఆఫీసర్లు తలుపులేసుకుంటారు. ఇది మాట్లాడితే కుర్చీ వేస్తారు."

బుధవారం వచ్చింది. నది ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరి చర్చి హాలే పోలింగు కేంద్రం. ఆ ఊరివాళ్ళూ, అవతల చెరుకు తోటల్లో ఉండే ఫూల్‌మతీవాళ్ళూ అక్కడే వెయ్యాలి. ఎనిమిదిన్నరకే వరస కొబ్బరిచెట్ల దాకా సాగింది.

ఉనైసి గుమ్మం దాటి లోపలికొచ్చింది. బల్ల వెనక ఎన్నికల అధికారి బిసున్‌దేవ్ మాస్టారు, మూడో తరగతి పిల్లల్ని నిలబెట్టినట్టే అందరినీ గీత మీద నిలబెడుతున్నాడు. గోడవార కుర్చీల్లో పార్టీల ఏజెంట్లు. మధ్య కుర్చీలో గంజిపెట్టిన తెల్ల చొక్కా, మడత చెదరని లుంగీలాంటి సులు చుట్టుకుని పెద్ద పార్టీ ఏజెంటు అపిసాయి. ఉనైసికి మేనత్త కొడుకు. అక్కడా మేనత్త కొడుకు బావే. బావామరదళ్ళు ఎదురుపడి తిట్టుకోకపోతే, వీళ్ళ మధ్య ఏదో గొడవ జరిగిందని ఊరు బెంగపడుతుంది.

"ఏమే మరదలా, గుమ్మడికాయలకి గడ్డాలు గీశావటగా!"

"నీకూ గీయాల్సింది బావా. పోలింగు గదిలో అంత చెత్త ఉండకూడదంట."

"వరసలో మాటలొద్దు," అన్నాడు మాస్టారు.

ముందు పదిమంది ఉన్నారు. నిలబడి నిలబడి నడుం పట్టేసింది. రెండు చేతులూ వెనక పెట్టుకుని తల ఎత్తి వెనక్కి వంగింది ఉనైసి. అప్పుడు కనపడింది.

అపిసాయి నెత్తిన, గోడకి, కీర్తనల పలక. ఆదివారం ఏయే కీర్తనలు పాడాలో నంబర్లు పెట్టే చెక్క పలక. మూడు వరసలు. 12. 247. 63.

ఆ నంబర్లు పెట్టేది అపిసాయే. చర్చిలో పాట ఎత్తేదీ అతనే. శనివారం పెట్టాడు, ఆదివారం పాడించాడు, తియ్యడం మరిచాడు. పన్నెండుకీ అరవై మూడుకీ అభ్యర్థులు లేరు. చీటీ మీద నంబర్లు నూట ముప్పై అయిదు నుంచే మొదలు. మధ్యది మాత్రం ఆమెదే, అరచేయంత అంకెల్లో. హాలులో క్యాలెండరు కూడా తిప్పి పెట్టించిన మాస్టారు, పలక చర్చి సామాను కదా అని వదిలేశాడు. ఊరివాళ్ళకా, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పలక గోడలో కలిసిపోయింది.

ఉనైసి లెక్కేసుకుంది. సాయంత్రం ఆరింటి దాకా అయిదు వందల మంది ఈ వరసలో నిలబడతారు. అందరికీ ఎదురుగా నా నంబరు. పెట్టింది నేను కాదు, నా మనిషీ కాదు. పెద్ద పార్టీ వాడు, సొంత చేతుల్తో పెట్టి, దాని కిందే కాపలా కూర్చున్నాడు. దేవుడు ఇస్తుంటే వద్దనడానికి నేనెవర్ని?

ఆమె కదలకుండా నాలుగడుగులు వేసింది. అంటే కాళ్ళు కదిలాయి, కళ్ళు కదల్లేదు.

బజారులో కూరలు కుప్పలు పోసి అమ్ముతారు. పైన నిగనిగలాడే వంకాయలు, అడుగున పుచ్చులు పెట్టేవాళ్ళుంటారు. పెద్ద పార్టీ ఊరూరా ఎన్నికల ముందు నీళ్ళ ట్యాంకులు దింపినప్పుడు ఉనైసి అదే మాట పట్టుకుని నెల్లాళ్ళు అరిచింది: కుప్ప అడుగు చూడండి, కుప్ప అడుగు చూడండి అని. ఇప్పుడు ఈ కుప్ప అడుగున తనే ఉంది.

ఛీ, అనుకుంది.

"మాస్టారూ! ఆ పలక దించండి."

అపిసాయి లేచాడు. "చూశారా మాస్టారూ, వరసలో నిలబడి అరుస్తోంది! ప్రచారం చేస్తోంది! రాసుకోండి!"

"ప్రచారం చేస్తున్నది నేను కాదు బావా, నువ్వు. అదీ నాకోసం. పొద్దుటి నుంచీ."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అపిసాయి తన చొక్కా జేబులు తడుముకున్నాడు. తర్వాత జనం కళ్ళు ఎటు చూస్తున్నాయో చూసి వెనక్కి తిరిగాడు.

మాస్టారు మొహం సున్నం కొట్టినట్టయింది. వరస ఆపేశాడు. ఫోను చేశాడు, విన్నాడు, మళ్ళీ చేశాడు. అపిసాయి కుర్చీ ఎక్కి రెండు, నాలుగు, ఏడు అంకెల చెక్కలు పీకి జేబులో వేసుకున్నాడు. పలక మీద చాప కప్పారు. అప్పటికి అరవై ఒక్కమంది వేశారు. ఆ డబ్బాకి అందరి ఎదుటా సీలు వేసి, పక్కన పెట్టి, కొత్త డబ్బా తెరిచారు. జరిగింది మాస్టారు పుస్తకంలో రాసుకున్నాడు.

"ఆ అరవై ఒకటీ?" అని అడిగింది ఉనైసి.

"చెల్లుతాయో చెల్లవో పైవాళ్ళు చెప్పాలి. నేను బడిపంతుల్ని."

బయట ఆడవాళ్ళు చుట్టేశారు. ఫూల్‌మతి ఆమె భుజం పట్టి ఊపింది. "ఏం చేశావక్కా? ఆ డబ్బాలో మనవే ఎక్కువుంటాయి. పొద్దున్నే వచ్చేది మన బజారు వాళ్ళేగా!"

ఎనభై ఏళ్ళ లోసేనా, ఊరందరూ బూబూ అని పిలిచే అవ్వ, చేతికర్రతో ఉనైసి పిక్క మీద ఒక్కటిచ్చింది. "కొండ దిగి వచ్చి వేశాను. మోకాళ్ళు రెండూ తిట్టుకుంటూ వచ్చాయి. ఇప్పుడు నా ఓటు చెల్లదంటావా? నీ నీతి కాల్చ! మధ్యాహ్నం చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"మధ్యాహ్నం చెప్తే మూడొందలు పోయేవి బూబూ."

"అసలు చెప్పకపోతే?"

ఉనైసి లోపలికెళ్ళి తన ఓటు తను వేసుకుని, బజారుకెళ్ళి మొహాల్లేని గుమ్మడికాయల మధ్య కూర్చుంది.

సాయంత్రం ఆరింటికి అక్కడే లెక్కింపు. ఏజెంట్లు, అభ్యర్థులు చుట్టూ నిలబడ్డారు. సీలు వేసిన డబ్బాని విడిగా లెక్కించారు. మాస్టారు ఒక్కొక్క చీటీ ఎత్తి నంబరు పైకి చదివాడు. పెద్ద పార్టీకి ఇరవై రెండు. అటూ ఇటూ ఆరు. బుట్ట పార్టీకి ముప్పై మూడు. ఫూల్‌మతి మొహం వెలిగింది.

"అందులో ఫూల్‌మతికి ఇరవై నాలుగు," అన్నాడు మాస్టారు. "నర్సమ్మకి ఏడు. రెండు వందల నలభై ఏడుకి..." ఆగి, చీటీలు మళ్ళీ తిరగేశాడు. "రెండు."

"రెండు వందలా?" అంది ఉనైసి.

"రెండు."

అపిసాయి బిగబట్టుకోలేకపోయాడు. కుర్చీలో కూలబడి, కళ్ళల్లో నీళ్ళు కారేలా నవ్వాడు. "దేవుడు గోడెక్కి ప్రచారం చేసినా రెండే ఓట్లా మరదలా! నిన్ను నిలబెట్టి దేవుడు కూడా ఓడిపోయాడే!"

తర్వాత తెలిసింది సంగతి. ఉనైసికి మిగతావాళ్ళు ఎలాగూ వేస్తారు, మన పిల్లేగా, మనం ఆ ఫూల్‌మతిని గట్టెక్కిద్దాం అని ప్రతి ఇంట్లోనూ అనుకున్నారు. అందరూ అనుకున్నారు. ఊరు ఊరంతా విడివిడిగా ఒకే తెలివితేటలు చూపించింది. ఆమె సొంత పిన్ని, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నీకేం తక్కువే అనుకున్నాను," అంది.

గురువారం, శుక్రవారం రేడియో దగ్గరే గడిచాయి. ఒక్కో దీవి లెక్క వచ్చేకొద్దీ బుట్ట గడప దగ్గర పైకీ కిందకీ ఊగింది. శనివారం పొద్దున్న ఆఖరి లెక్క: గడపకి పంతొమ్మిది ఓట్లు ఎక్కువ. బజారులో ఆడవాళ్ళు పళ్ళేలు కొట్టారు. గంట తిరక్కుండానే రెండో వార్త. ఉనైసి ఊళ్ళో మొదటి డబ్బా రద్దు చెయ్యాలని పెద్ద పార్టీ ఫిర్యాదు పెడుతోంది, విచారణకి ఎన్నికల ఆఫీసు మనిషి మధ్యాహ్నం వస్తోంది. ముప్పై మూడు పోతే పంతొమ్మిది ఎక్కడ నిలుస్తుంది? బుట్ట సముద్రంలోనే.

ఫిర్యాదు మీద ఏజెంటు సంతకం కావాలి. ఏజెంటు అపిసాయి.

ఉనైసి హాలుకెళ్ళేసరికి అతనొక్కడే ఉన్నాడు. శనివారం కదా, రేపటి కీర్తనలకి అంకెల చెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. పెట్టడం లేదు, ఊరికే తుడుస్తున్నాడు.

"సువలో మా పార్టీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది," అన్నాడు తలెత్తకుండా. "సంతకం పెడితే జిల్లా సలహా మండలిలో కుర్చీ అట."

"కుర్చీలు నీకు అచ్చిరావు బావా. మొన్న కూర్చుని చూశావుగా."

అతను నవ్వలేదు. ఉనైసికి భయం అప్పుడు మొదలైంది. బావ నవ్వకపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నన్ను పెట్టొద్దని బతిమాలుకోవడానికొచ్చావా?"

"లేదు. బతిమాలడం మానేసే ఓట్లకి నిలబడ్డాను. ఒక్కటి చెప్తాను. ఆ డబ్బాలో లోసేనా బూబూ ఓటుంది. నీ పార్టీకే వేసిందో ఏమో, ఎవరికి తెలుసు? ముందు కొండెక్కి ఆమె దగ్గరకెళ్ళు. నీ ఓటు చెల్లదు బూబూ, నేను అంకెలు తియ్యడం మరిచిపోయాను కాబట్టి చెల్లదు అని మొహం మీద చెప్పు. చెప్పి వచ్చి సంతకం పెట్టు. కర్రకి దూరంగా నిలబడు."

అపిసాయి చెక్క తుడుస్తూనే ఉన్నాడు.

ఎన్నికల ఆఫీసు మనిషి వచ్చింది. చిన్న వయసు, నీలం చొక్కా, చంకలో ఫైలు. వెనకే మాస్టారు, గుమ్మం నిండా జనం. ఆమె కాగితం అపిసాయి ముందుంచింది.

"పలక చూసి ఓటర్లు ప్రభావితులయ్యారని మీ పార్టీ వాదన. పలక పెట్టిందీ మీరే, అక్కడ కూర్చుందీ మీరే. సంతకం చేస్తారా?"

అపిసాయి కాగితం చదివాడు. చదివి మడిచాడు.

"అమ్మా, ముప్పై ఏళ్ళుగా ప్రతి శనివారం ఈ పలక మీద నంబర్లు మారుస్తున్నాను. దీన్ని చూసేవాడు ఈ ఊళ్ళో ఒక్కడు లేడు. అందరూ నా గొంతు వింటారు. నేను పాట ఎత్తితే పుస్తకం తిప్పుతారు. పోయినేడు మూడు వారాలు ఒకే నంబర్లు ఉంచేశాను, పాస్టరుగారికి కూడా తెలియలేదు."

గుమ్మంలో పాస్టరుగారు దగ్గారు.

"నమ్మకపోతే లెక్క చూడండి. పలక మీద ఈవిడ నంబరు. డబ్బాలో ఈవిడకి రెండు ఓట్లు. ప్రభావం అంటే ఇదేనా? పలక లేకపోతే నాలుగు వచ్చేవేమో పాపం!"

గుమ్మంలో నవ్వులు లేచాయి. నీలం చొక్కా అమ్మాయి పెదవి కొరుక్కుంటూ రాసుకుంది.

"ఇంకో మాట. ఆ రోజు నేను దాని కిందే కూర్చున్నాను. ఈవిడ నోరు మూసుకునుంటే సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి. ఏ మధ్యాహ్నమో పరాయివాడు చూసుంటే, చర్చిలో కుట్ర అనేవాడు. ఈవిడ తనకి లాభమొచ్చే తప్పుని తనే పట్టిచ్చింది. అలాంటప్పుడు నేను సంతకం పెడితే రేపు ఈ గొంతుతో దేవుడి పాట ఎత్తగలనా? తప్పు నాది. అది రాయండి, దాని కింద పెడతాను సంతకం. దీని కింద కాదు."

మడిచిన కాగితం తిరిగి ఇచ్చేశాడు.

నాలుగింటికి రేడియో చెప్పింది. ఫిర్యాదు కొట్టేశారు. బుట్ట గడప దాటింది. మూడు సీట్లు. నర్సమ్మ, బస్సు డ్రైవరు, మూడోది ఫూల్‌మతి. ఉనైసి పార్టీలో ఏడో స్థానం.

మర్నాడు చర్చిలో, మొదటిసారి, జనమంతా తలలెత్తి పలక చూశారు. ఖాళీగా ఉంది. అపిసాయి ఉత్త గొంతుతోనే లాక్కొచ్చాడు.

సోమవారం పొద్దున్న సింగతోక బస్టాండులో రాజధాని సువకి వెళ్ళే బస్సు కదలబోతోంది. ఫూల్‌మతి కొత్త చీర కట్టుకుంది. "అక్కా, నువ్వెళ్ళాల్సిన చోటు. నేనేం మాట్లాడతాను అక్కడ?"

"నా బల్ల నీ బల్ల మీదకి జరిగినప్పుడు ఏం మాట్లాడేదానివి?"

"తిట్టేదాన్ని."

"అదే. మెల్లిగా, కుర్చీ వేయించుకుని తిట్టు. గది, గడియ, కుళాయి. ఇంకేం మాట్లాడకు. వాళ్ళు టీ ఇస్తే తాగు, గది, గడియ, కుళాయి. ఫొటో తీస్తామంటే దిగు, గది, గడియ, కుళాయి. ఆర్నెల్లలో కదలకపోతే బజారు మొత్తాన్నీ గోనెసంచులతో పార్లమెంటు మెట్ల మీదకి తెస్తాను. సిమెంటు మీద పడుకోవడం మాకు అలవాటేగా."

ఉనైసి కిటికీలోంచి ఫూల్‌మతి ఒళ్ళో ఒక గుమ్మడికాయ పెట్టింది. చెక్కినా మచ్చ పోలేదు. లేత పసుపు రంగులో 247 ఇంకా కనపడుతూనే ఉంది.

బస్సు వెళ్ళాక అపిసాయి పక్కకొచ్చి నిలబడ్డాడు. జేబులోంచి మూడు చెక్కలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. రెండు, నాలుగు, ఏడు.

"ఉంచుకో. వచ్చేసారికి పనికొస్తాయి. కొత్తవి చేయించాను."

"వచ్చేసారికి నంబరు మారుస్తారు బావా."

"అయితే పొయ్యిలో పెట్టుకో." వెళ్ళబోయి ఆగాడు. "అవునే, ఆ రెండు ఓట్లు ఎవరివో కనుక్కున్నావా?"

"ఒకటి బూబూదట. కర్ర మీద ఒట్టేసి చెప్పింది. రెండోది తెలియదు."

"ఏజెంట్లు అందరికంటే ముందు వేస్తారు. తెలుసుగా?"

ఉనైసి అతని మొహం కేసి చూసింది. గంభీరంగా పెట్టాడు, పాట ఎత్తే ముందు పెట్టినట్టు. నిజమో, ఎగతాళో. బావల మాట ఎవడు నమ్మాడు గనక!

"అబద్ధాలకోరు!" అంది.

"చీటీ రహస్యమంది చట్టం," అని నవ్వుతూ నది వైపు నడిచాడు అపిసాయి.

ఉనైసి మూడు చెక్కలూ సులు చెంగున ముడేసుకుని బజారులోకి నడిచింది. కొండల్లోంచి మొదటి లారీ వచ్చింది. ఆడవాళ్ళు సంచులు దింపుతున్నారు. ఆమె రెండు రోజులు మూసుకున్న నోటికి వడ్డీతో సహా బదులు తీర్చుకోవడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఆ సంచులు అక్కడ పెట్టకండి! అక్కడ గది రాబోతోంది!"